కూయని మైకు

నేను పుట్టు పిరికిదాన్ని. వంటింట్లో కుక్కర్ కూసినా ఉలిక్కిపడతానని మా ఆయన నలుగురిలో నన్ను ఆటపట్టిస్తాడు. ఆ వేసవిలో మాత్రం నా భయాన్ని చూసి ఎవరూ నవ్వలేదు, అందరూ భయంతోనే ఉన్నారు మరి. సీసాల ఫ్యాక్టరీలో సమ్మె నలభై ఒక్క రోజులు నడిచింది. అందులో నేను కంటినిండా నిద్రపోయినవి తొమ్మిదే తొమ్మిది రాత్రులు. ఆ తొమ్మిది రాత్రులే కొంప ముంచాయి.

మాది మైకులూ స్పీకర్లూ అద్దెకిచ్చే షాపు. మామయ్య నలభై ఏళ్ళుగా ఆ పని మీదే ఉన్నారు. మా ఆయనకు అది పట్టుబడలేదు, వెళ్ళి ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర చేరాడు. కోడలిగా వచ్చిన నేనే వైర్లు చుట్టడం దగ్గర మొదలుపెట్టి మిక్సర్ దాకా వచ్చాను. "పాలు పొంగకుండా పొయ్యి దగ్గర నిలబడే ఓపిక ఉండాలి ఈ పనికి. అది నా కొడుక్కి లేదు, నీకుంది," అనేవారు మామయ్య.

నిజంగానే అది పాలు కాచే పని. మైకులో మాట్లాడింది స్పీకర్లోంచి వస్తుంది. ఆ వచ్చింది మళ్ళీ మైకులో పడి, ఇంకా పెద్దదై స్పీకర్లోంచి వస్తుంది. అలా తిరిగి తిరిగి ఏదో ఒక స్వరం పట్టుకుని చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. దాన్నే మేం కూత అంటాం. ఈక్వలైజర్ మీద ఒక్కో స్వరానికి ఒకటి చొప్పున ముప్పై ఒక్క స్లైడర్లు ఉంటాయి. కూసే స్వరం ఏదో చెవితో పట్టుకుని దాని స్లైడర్ ఒక్కటే కిందికి లాగాలి. మామయ్య నాకు అచ్చులతో నేర్పారు. 'ఊ' అని కూస్తే రెండు వందల యాభై హెర్ట్జ్‌ల స్లైడర్, 'ఓ' అంటే అయిదు వందలు, 'ఆ' అంటే వెయ్యి, 'ఏ' అంటే రెండు వేలు, 'ఈ' అంటే మూడు వేలు దాటినట్టు. జనం చెవిన పడకముందే ఆయన వేలు సరైన స్లైడర్ మీద ఉండేది.

సమ్మె మొదలైన రోజే మా సెట్టు ఫ్యాక్టరీ గేటు ముందు టెంటులోకి చేరింది. గేటు దిగువన ఉంటుంది. పైన మలుపు నుంచి గేటు దాకా మూడు వందల మీటర్ల వాలు రోడ్డు. తయారైన సరుకు బయటికి పోకూడదని రెండు వందల మంది ఆ రోడ్డుకు అడ్డంగా కూర్చునేవారు, మధ్యాహ్నాలు అక్కడే నడుం వాల్చేవారు. తొమ్మిదో రోజున ఒక ఖాళీ లారీ, ముందు నలుగురు కిరాయి మనుషులను ఎక్కించుకుని, హారన్ అయినా కొట్టకుండా వాలులో వచ్చింది. జనం ఎటువాళ్ళటు దూకారు. ఒక సైకిలు రేకుముక్కలా చదునైపోయింది. అంతకు నిమిషం ముందు దాకా ఆ సైకిలుకు వీపు ఆనించి కూర్చున్నది మా ఆయనే.

ఆ సాయంత్రమే విజిల్ ఏర్పాటు జరిగింది. మా దగ్గరున్న వైరంతా కలిపి కరెంటు స్తంభాల మీదుగా మలుపు దాకా లాగాం. అక్కడ టీకొట్టు పక్కన ఒక స్తంభానికి మైకు కట్టాం. పగలంతా మా ఆయన అక్కడ కాపలా ఉంటాడు. లారీ కనబడగానే మైకు ముందు విజిల్ ఆపకుండా ఊదాలి, ఇక్కడ టెంటులో స్పీకర్లు మోగాలి, జనం రోడ్డు ఖాళీ చేయాలి.

"ఫోన్ చేస్తే సరిపోదా?" అన్నాను.

"రెండొందల మందిలో ఎవరికని చెయ్యను? నువ్వు ఫోన్ వెతుక్కునేలోపు లారీ నీ నెత్తి మీద ఉంటుంది," అన్నాడు మా ఆయన.

మా ఆయనతో పాటు కొలిమి దగ్గర పనిచేసే పొడుగన్నయ్య అంకెలు లెక్కపెట్టి చూశాడు. ఏ తలుపు దగ్గరైనా వంగి నమస్కారం పెట్టి మరీ లోపలికి రావాల్సినంత పొడుగు మనిషి. "లారీ మలుపు తిరిగితే మన దగ్గరికి ఇరవై అయిదు అంకెలు. అందులో నేను లేచి నిలబడటానికే పది పోతాయి చెల్లెమ్మా. ఇంత మనిషిని మడత విప్పుకోవాలి కదా!" అన్నాడు. టెంటంతా నవ్వింది. నేను మాత్రం మనసులో ఇరవై అయిదు దాకా లెక్కపెట్టుకుంటూ ఉండిపోయాను.

మామయ్య చెవుల సంగతి నాకు పన్నెండో రోజున తెలిసింది. సంఘం సెక్రటరీ గారిది సన్నని గొంతు, పైగా ఉబ్బసం. ఆయన మాట వినబడాలంటే మైకు బాగా పెంచాలి, పెంచితే అది కూస్తుంది. ఆరోజు ఆయన మాట్లాడుతుండగా స్పీకర్లు 'ఈ' అని సన్నగా, సూదిలా కూయడం మొదలుపెట్టాయి. జనం చెవులు మూసుకున్నారు. మామయ్య మిక్సర్ ముందు చేతులు కట్టుకుని, ఉపన్యాసం బాగుందన్నట్టు తల ఊపుతూ కూర్చున్నారు. మొదట పరాకులో ఉన్నారేమో అనుకున్నాను. తర్వాత నా చెయ్యి చాచి స్లైడర్ లాగాను. ఆయన నా చేతిని చూశారు, చెవులు మూసుకున్న జనాన్ని చూశారు.

ఆ సాయంత్రం వైర్లు చుడుతూ అడిగాను. "ఎన్నాళ్ళ నుంచి మామయ్యా?"

"రెండేళ్ళు. మాటలు వినబడతాయి. పైన సన్నగా ఉండేవే... అసలు లేనట్టే." వైరు కొసను చుట్టకు ముడివేశారు. "వాడికి చెప్పకు అమ్మాయ్. ఈ ఒక్క పనే కదా నాకు వచ్చింది."

చెప్పలేదు. మర్నాటి నుంచి ఆయన పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. కూత మొదలైతే ఆయన మోచేతిని తాకి, ఏ అచ్చో పెదవులతో చూపించేదాన్ని. ఆయన స్లైడర్ లాగేవారు. మామయ్య ఇంకొకటి కూడా చేసేవారని అప్పుడే గమనించాను. ఆయన చూపు ఎప్పుడూ మిక్సర్ మీద మైకుల పక్కన వెలిగే చిన్న లైట్ల వరుసల మీదే ఉండేది. ఏ మైకులో శబ్దం పడితే దాని వరుస ఆకుపచ్చగా పైకి లేస్తుంది, ఎక్కువైతే చివర ఎరుపు వస్తుంది. పద్నాలుగో రోజున మా ఆయన మొదటిసారి నిజంగా విజిల్ ఊదినప్పుడు అందరూ వినగానే లేచారు. మామయ్య వినలేదు, ఎరుపు చూసి లేచారు. ఆ లారీ జనం లేని రోడ్డును చూసి సగంలోనే ఆగి వెనక్కి తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం సాయంత్రం దాకా మలుపు వైపే చూస్తూ కూర్చున్నాను.

ఇరవై రెండో రోజున నేను నీళ్ళు తెచ్చుకోవడానికి లేచి వెళ్ళాను. ఎంత, అయిదు నిమిషాలు. బిందె కొళాయి కింద పెట్టానో లేదో టెంటులోంచి 'ఈ' అని కూత. మా ఆయన ఊదే విజిల్ కూడా లోపల గింజ లేనిది, అదీ అచ్చంగా ఇలాగే ఒకే స్వరంలో మోగుతుంది. పడుకున్నవాళ్ళు లారీ వచ్చిందనుకున్నారు. ఒకరి మీద ఒకరు పడి పరుగెత్తారు. గుంజ ఊడి టెంటు సగం కూలింది. ప్యాకింగు సెక్షన్ ఆవిడ ఒకామె మణికట్టు విరిగింది. రోడ్డు మీద చూస్తే లారీ లేదు, గీరీ లేదు.

సెక్రటరీ గారు మమ్మల్ని పక్కకు పిలిచారు. మా ఆయన కూడా పైనుంచి దిగి వచ్చాడు.

"పెద్దాయనా, మీ మీద గౌరవం ఉంది. కానీ మైకు ఇంకొక్కసారి కూసిందంటే వేరే సెట్టు తెచ్చుకుంటాం. దొంగ కూతకు జనం రెండుసార్లు పరుగెడతారు. మూడోసారి నిజం విజిల్‌కి కూడా లేవరు."

"ఏమైంది నాన్నా నీకు? ఈ నలభై ఏళ్ళలో ఒక్కసారి కూసిందా నీ మైకు?" అన్నాడు మా ఆయన.

మామయ్య నేల చూపులు చూశారు. "సెట్టు పాతబడింది," అన్నాను నేను.

మర్నాడే పట్నం వెళ్ళాను. మాకు సామాను అమ్మే షాపాయన్ని బతిమాలి ఒక పెట్టె అరువు తెచ్చాను. అది దానంతటదే పనిచేసే ఈక్వలైజర్. లోపలికి వచ్చే శబ్దాన్ని వింటూనే ఉంటుంది. మాట అయితే పైకీ కిందికీ పోతుంది కాబట్టి వదిలేస్తుంది. ఒకే స్వరం కదలకుండా సాగిందంటే అది కూతే అని తేల్చి, అర సెకనులో ఆ స్వరాన్ని మాత్రం కోసేస్తుంది. ముందు వైపు పన్నెండు లైట్లు. ఒక్కో స్వరాన్ని కోసినప్పుడల్లా ఒకటి వెలుగుతుంది.

మామయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "నా చెవులు ఇందులో పెట్టి తెచ్చావన్నమాట," అని నవ్వారు. ఆ నవ్వు చూడలేక నేను వైర్లలో తల దూర్చాను.

"అన్నిటికీ ఎందుకమ్మాయ్, స్టేజి మైకు ఒక్కదానికి పెడితే చాలదూ?" అన్నారు.

"అన్నిటికీ కలిపి చివర పెట్టేస్తే ఒకటే వైరు మామయ్యా. ఏ మైకు కూసినా అదే చూసుకుంటుంది."

ఆయన పెట్టె నా చేతికిచ్చి, వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. పెద్దాయన బెట్టు చేస్తున్నారనుకున్నాను. కొత్తది రాగానే ముఖం ముడుచుకునే వయసు కదా అని లోలోపల జాలిపడ్డాను కూడా. తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

స్టేజి మైకు కూసేదాకా పెంచాం. ఆరు లైట్లు వరుసగా వెలిగాయి, స్పీకర్లు గమ్మున ఊరుకున్నాయి. సెక్రటరీ గారు గుసగుసలాడినా ఆఖరి వరుస దాకా వినబడింది. మిగిలింది మలుపు దగ్గరి మైకు. విజిల్ పరీక్షించాలి. పొడుగ్గా ఊదితే మళ్ళీ జనం పరుగెడతారు, అలా ఊదడానికి వీల్లేదని కమిటీ గట్టిగా చెప్పింది. మా ఆయన 'పీ, పీ, పీ' అని పొట్టి పొట్టిగా ఊదాడు. మూడూ గట్టిగా మోగాయి. "భేష్!" అన్నాడు పొడుగన్నయ్య. నేను వెళ్ళి పడుకున్నాను. ఆ రాత్రి, ఆ తర్వాత ఎనిమిది రాత్రులు, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. మైకు ఒక్కసారి కూడా కూయలేదు. మామయ్య మోచేతిని తాకే పని కూడా లేకపోయింది. ఆయన వచ్చి ఊరికే కూర్చునేవారు, అలవాటు చొప్పున లైట్లు చూస్తూ.

ముప్పై రెండో రోజు మధ్యాహ్నం రెండు గంటలు. భోజనాలయ్యాయి. స్టేజి మైకు ఆపేశాం. వేడిగాలికి టెంటు గుడ్డ టపటపా కొట్టుకుంటోంది, పక్కన జనరేటర్ హోరు. రోడ్డు మీద ఎక్కడివాళ్ళు అక్కడ తువ్వాళ్ళు ముఖం మీద వేసుకుని నిద్రపోతున్నారు. పొడుగన్నయ్య టెంటు అంచున కాళ్ళు రోడ్డు మీదికి చాపుకుని పడుకున్నాడు. టెంటులో పట్టాలంటే ఆయన ముడుచుకోవాలి.

స్పీకర్లోంచి పిట్ట కూసినట్టు 'పీ' అని వచ్చి ఆగిపోయింది. పెట్టె మీద ఏడో లైటు వెలిగింది. పోనీలే, ఎక్కడో కూత మొదలైతే పట్టేసింది అనుకున్నాను. కాస్త ఆగి ఎనిమిదో లైటు వెలిగింది. నాకు ముచ్చటేసింది. ఇలాంటిది ఇంకొకటి షాపుకు కొంటే బాగుంటుంది అని కూడా అనుకున్నాను.

మామయ్య కుర్చీలోంచి లేచారు.

"స్టేజి మైకు ఆపావు కదూ?"

"ఆపానండీ."

"మరి ఆ ఎరుపేంటి?"

ఆయన వేలు మలుపు దగ్గరి మైకు వరుస మీద ఉంది. లైట్లన్నీ పై దాకా నిండి, చివర ఎరుపు కదలకుండా వెలుగుతోంది. "వాడు ఊదుతున్నాడు," అన్నారు మామయ్య.

విజిల్ ఒకే స్వరం. కదలకుండా సాగే స్వరం. నేను తెచ్చిన పెట్టె దాన్ని కూత అనుకుని కోసేస్తోంది. మా ఆయన ఇంకా గట్టిగా ఊదాడు, స్వరం కాస్త మారింది, అదీ కోసేసింది. పెట్టె తప్పించే బొత్తాం నొక్కాను. నొక్కేసరికి ఎరుపు ఆరిపోయింది. స్పీకర్లలో ఏమీ లేదు. ఎన్ని అంకెలు గడిచాయో తెలియదు. తల ఎత్తి చూస్తే వాలు మీద లారీ కనబడింది. దాని వెనక దుమ్ములో చేతులు ఊపుతూ పరుగెత్తుతున్నది మా ఆయన. ఎవరూ లేవకపోయేసరికి మైకు వదిలేసి లారీతో పందెం వేసి వస్తున్నాడు.

అరవాలని ఉంది, నోరు తెరుచుకుంది, గాలి తప్ప ఏమీ రాలేదు. మామయ్య స్టేజి మైకు గుంజుకున్నారు. దాని మీట పూర్తిగా పైకి తోసి, మైకును తీసుకెళ్ళి స్పీకరు మూతికి ఆనించారు.

అలాంటి కూత నేను మళ్ళీ వినలేదు. గుండెల్లో దూరి పళ్ళు కదిలించింది. జనం లేచారు, దొర్లారు, పిల్లల్ని చంకనేసుకుని గోడ వైపు పరుగెత్తారు. మామయ్య కదల్లేదు. అందరి ముందు, చెవులు మూసుకున్న అందరి ముందు, నా వైపు తిరిగి గొంతు చించుకుని అడిగారు.

"కూస్తోందా అమ్మాయ్? ఇంకా కూస్తోందా?"

తల ఊపాను. ఆయన మైకు అలాగే పట్టుకుని నిలబడ్డారు.

లారీ టెంటు అంచును లాక్కుంటూ పోయి గేటు స్తంభానికి కొట్టుకుని ఆగింది. కిరాయి మనుషులు దూకి పారిపోయారు. రోడ్డంతా ఖాళీ. ఒక్క పొడుగన్నయ్య తప్ప. కూత విని ఆయన కళ్ళు తెరిచాడట. మళ్ళీ మైకు కూసిందిలే అనుకుని తువ్వాలు ముఖం మీదికి లాక్కున్నాడట. ఇదంతా తర్వాత ఆసుపత్రిలో ఆయనే చెప్పాడు. అప్పటికి కుడికాలు మోకాలి దాకా తీసేశారు.

ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ మేం బయట బెంచీ మీద కూర్చున్నాం. మా ఆయన మోకాళ్ళు, అరచేతులు చెక్కుకుపోయి ఉన్నాయి. పొడుగన్నయ్య భార్య గోడకు ఆనుకుని నిలబడింది, కూర్చోమంటే కూర్చోలేదు.

"ఊదాను," అన్నాడు మా ఆయన. "ఊపిరి పోయేదాకా ఊదాను. ఒక్కరంటే ఒక్కరు తల ఎత్తలేదు. ఏమైంది నాన్నా ఆ మైకుకి?"

నేను నోరు తెరిచాను. పొడుగన్నయ్య భార్య నా ముఖంలోకే చూస్తోంది. ఆ కళ్ళు చూసి నాకు పట్టిన భయం లారీని చూసినప్పుడు కూడా పట్టలేదు. చెప్పేస్తే ఆమె ఇక జన్మంతా నన్ను ఈ చూపే చూస్తుందనుకున్నాను. తెరిచిన నోరు మూసుకున్నాను.

"మైకుకి ఏమీ కాలేదురా," అన్నారు మామయ్య. "పొద్దున సర్దేటప్పుడు ఆ మైకు మీట నేనే తగ్గించేసినట్టున్నాను. విజిల్ రాకపోతే నాకు తెలియొద్దూ? తెలియలేదు. నా చెవులు పోయి రెండేళ్ళయింది. నీకు చెప్పలేదు. చివర్లో ఏదో తేడాగా ఉందని నీ భార్యే పట్టుకుంది."

మా ఆయన తండ్రి వైపు చూసిన చూపు నేను చూడలేకపోయాను. కోపం కూడా కాదు అది.

"వినబడనివాడివి అక్కడెందుకు కూర్చున్నావయ్యా?" అంది పొడుగన్నయ్య భార్య. అరవలేదు, మామూలుగానే అడిగింది. మామయ్య చేతులు జోడించారు. నేను ఆయన పక్కనే కూర్చుని, నేల మీద గళ్ళు చూస్తున్నాను.

ఆ రాత్రి ఇంటికొచ్చాక వంటింట్లో మామయ్య కాళ్ళ మీద పడబోయాను. ఆయన దూరం జరిగారు. "నాకు ఎలాగూ పోయేదే అమ్మాయ్ ఈ పని. నీది ఇంకా బోలెడుంది. అన్నం తిను," అన్నారు. మర్నాడు టెంటులో మా ఆయన అందరి ముందూ చెప్పాడు, నాన్న ఇక మిక్సర్ దగ్గర కూర్చోడని. మామయ్య కుర్చీలోంచి లేచి దాన్ని నా వైపు జరిపారు. కూర్చున్నాను. పెట్టె వైరు మార్చి స్టేజి మైకు ఒక్కదానికే పెట్టాను. ఎందుకు మార్చావని ఎవరూ అడగలేదు.

నలభై ఒకటో రోజున సమ్మె గెలిచింది. మా ఆయన మళ్ళీ కొలిమి దగ్గరికి వెళ్ళాడు. షాపు నేనే నడుపుతున్నాను. మామయ్య షాపుకు రావడం మానేశారు. వస్తే జనం ఆయనతో చేతి సైగలతో, గట్టిగా అరిచి మాట్లాడతారు, మాటలు ఆయనకు బాగానే వినబడతాయని తెలియక.

మొన్న బజారులో పొడుగన్నయ్య భార్య ఎదురైంది. మామయ్య సంచీ పట్టుకుని నా వెనకే ఉన్నారు. ఆయన నమస్కారం పెడితే ఆమె ముఖం తిప్పుకుంది. తర్వాత నా దగ్గరికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఆ రోజు నువ్వు చూసుండకపోతే ఒక్క కాలుతో పోయేది కాదు, మనిషే పోయేవాడు. నీ రుణం తీర్చుకోలేనమ్మా," అంది.

ఆమె చేతులు వెచ్చగా ఉన్నాయి. మామయ్య రెండడుగుల దూరంలో కూరగాయల వైపు తిరిగి నిలబడ్డారు. ఇప్పుడైనా చెప్పాలనుకున్నాను.

"అన్నయ్య ఎలా ఉన్నాడు?" అని అడిగాను.